పాలపాలైన వేళ్లు

సూది బాబాయ్ రఫూ చేశాడంటే, తానెక్కడ ఉండేదో చిల్లుకే గుర్తుండదని వీధిలో ఒక మాట. ఒకసారి ఓ పెద్దమనిషి సిగరెట్టు కాలిన కోటు లాండ్రీలో ఇచ్చి వెళ్లాడట. వారం తర్వాత వచ్చి, "ఇది నా కోటు కాదు, నా కోటుకి భుజం మీద చిల్లుంది" అని ఓనరు మీద విరుచుకుపడ్డాడట. ఎంత చెప్పినా వినడు. చివరికి లోపలి జేబులో అతని కళ్లజోడు చీటీ దొరికితే గానీ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక కూడా గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "అది సరేనయ్యా, నా చిల్లేదీ?" అని అడిగాడట, తన సొత్తేదో వాళ్లు కొట్టేసినట్టు. ఈ కథలో సగం అబద్ధం. ఏ సగమో చెప్పే ఓనరుకి కూడా తెలియదు. చెప్పిన ప్రతిసారీ సగాలు మారిపోయేవి.

నిజం మటుకు ఇది. లాండ్రీ వెనక గదిలో, ఉత్తరం వైపు కిటికీ పక్కన, ఎత్తు తక్కువ కుర్చీలో అతను ముప్పై ఒక్క ఏళ్లుగా కూర్చున్నాడు. ఒక పక్క ఇస్త్రీ బల్లల ఆవిరి, ఇంకో పక్క బట్టలుతికే యంత్రాల గోల. ఒళ్లో పుట్టగొడుగులాంటి చెక్క దిమ్మె, దాని మీద చిరిగిన బట్ట. దారం బయట కొనేవాడు కాదు. ఆ బట్ట లోపలి మడతే కొంచెం విప్పి, అందులోంచి ఒక్కొక్క పోగూ లాగి, ఆ పోగులతోనే పడుగూ పేకా అల్లి చిల్లు పూడ్చేవాడు. ఈ పని కళ్లతో చేసేది కాదు. ముక్కు చివర వేలాడే కళ్లజోడు ఊరికే అలంకారం. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఈ మూడింటి కొసలే అతని అసలు కళ్లు. బట్టని వాటి మధ్య ఒక్కసారి నలిపి, "అంగుళానికి అరవై నాలుగు పోగులు. తొంభై అని చెప్పి అంటగట్టారు మీకు" అనేవాడు. అనుమానం ఉన్నవాళ్లు భూతద్దం పెట్టి లెక్కపెట్టుకునేవాళ్లు. అరవై నాలుగే ఉండేవి.

"దోమ వాలితే ఆడదో మగదో చెప్పేస్తాడు మా బావ," అని అతని బావమరిది అందరి దగ్గరా కోతలు కోసేవాడు.

సూది బాబాయ్ భార్యది కూడా ఆ లాండ్రీలోనే బట్టలు మడతపెట్టే పని. వీధి మొత్తానికీ పిన్ని. "మా ఆయన వేళ్లకి కళ్లున్నాయి గానీ కళ్లకే కళ్లు లేవు. చూడండి, ఇవాళ కూడా చొక్కా తిరగేసి తొడుక్కొచ్చాడు," అనేది.

"తిరగేసినా కుట్లు తిన్నగానే ఉన్నాయి కదటే," అనేవాడు అతను.

ఈ పనికో నియమం ఉంది. నేర్పిన పెద్దాయన మొదటి రోజే వీపు మీద ఒక్కటి చరిచి మరీ చెప్పాడు: "పనిలో కూర్చున్నాక చెయ్యి తడపకూడదురా. తడి తగిలిన పోగు ఉబ్బుతుంది, ఆరాక కుంగుతుంది. అప్పుడు నీ పనితనం గురించి అదే ఊరంతా చాటింపు వేస్తుంది." అందుకని పొద్దున్న కుర్చీలో కూర్చున్నది మొదలు సాయంత్రం లేచేదాకా సూది బాబాయ్ చేతికి నీటిచుక్క తగలనిచ్చేవాడు కాదు. చెమట పడితే సుద్దపొడిలో వేళ్లు ముంచి, ఒళ్లో పరుచుకున్న గుడ్డకి తుడుచుకునేవాడు. మధ్యాహ్నం భోజనం చెంచాతోనే. దాహం వేస్తే పిన్ని వచ్చి గ్లాసు నోటికందించాలి.

"పెళ్లైనప్పటినుంచీ అందిస్తున్నా. చంటిపిల్లాడైతే ఈపాటికి గ్లాసు పట్టుకోవడం నేర్చుకుని, ఉద్యోగం చేసి, రిటైరయ్యేవాడు," అని ఆమె సణిగేది. సణుగుతూనే చెంగుతో అతని గడ్డం తుడిచేది.

కిటికీలోకి ఆ మొక్క వచ్చింది బావమరిది చలవ వల్ల. ఇళ్లు మారేవాళ్ల సామాను లారీలో చేరవేయడం అతని పని. వాళ్లు వద్దని వదిలేసినవన్నీ అతని దగ్గర పోగుపడేవి. కాలు విరిగిన కుర్చీలు, మూత లేని ఫ్లాస్కులు, ఒకసారి ఎవరిదో పెట్టుడు పళ్ల సెట్టు కూడా. అలా ఒకరోజు కుండీతో సహా ఒక మొక్కని భుజాన వేసుకొచ్చాడు. ఒక్క ఆకు లేదు. పెన్సిల్ మందాన ఆకుపచ్చ పుల్లలు, పుల్లకి పుల్ల, ఆ పుల్లకి ఇంకో పుల్ల.

"ఏంట్రా ఇది, చెట్టా, చీపురా?" అంది పిన్ని.

"పెన్సిల్ మొక్కంటారక్కా. నీళ్లు పొయ్యక్కర్లేదు, పలకరించక్కర్లేదు, ఓ మూల పడేసినా బతికేస్తుంది. బావకి తోడుగా ఉంటుందని తెచ్చా."

"తోడుకి కాదురా, పోలికకి తెచ్చావు," అన్నాడు సూది బాబాయ్ తలెత్తకుండానే.

రెండేళ్లలో ఆ పుల్లలు సగం కిటికీని మింగేశాయి. పోగు నప్పిందో లేదో వేళ్లు చెబుతాయి గానీ, రంగు నప్పిందో లేదో వెలుగే చెప్పాలి. ఒక మధ్యాహ్నం బూడిదరంగు శాలువా ఒకటి ఒళ్లో పెట్టుకుని, ఏ పోగు ఏ రంగో తేలక, విసుగెత్తి లేచాడు. అడ్డొచ్చిన పుల్లల్ని వట్టి చేత్తో విరవడం మొదలుపెట్టాడు. పుల్ల పుటుక్కుమనడం ఆలస్యం, తెల్లటి పాలు చిక్కగా ఊరి వేళ్ల సందుల్లోంచి కారాయి.

"చేతికి గుడ్డైనా చుట్టుకోండి! లేకపోతే కత్తెర తీసుకోండి!" అని మడతల బల్ల దగ్గర్నుంచి కేకేసింది పిన్ని.

"బట్టల కత్తెర మొక్కకి పెడితే మొండిబారదూ?"

పదిహేను పుల్లలు విరిచాడు. గదిలోకి వెలుగొచ్చింది. వేళ్లు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. ఆరడుగుల దూరంలో కొళాయి ఉంది. కొళాయి పక్కన సబ్బు ఉంది. లాండ్రీలో సబ్బుకి కరువా? ఆ ఆరడుగులూ అతను వెయ్యలేదు. శాలువా సగంలో ఉంది, సగంలో ఉండగా చెయ్యి తడపకూడదు. ఎప్పటిలాగే ఒళ్లో గుడ్డకి తుడుచుకుని, సుద్దపొడి అద్దుకుని, మళ్లీ కూర్చున్నాడు. సూదిలోకి ఎక్కించడానికి పోగు కొసని పెదవుల మధ్య పెట్టి సన్నం చేశాడు. ఆ కొసని తర్వాత ఎలాగూ కత్తిరించేస్తాడు కాబట్టి దానికొక్కదానికీ తడి దోషం లేదు. నోటికి చేదు తగిలింది. ఉమ్మేసి పని కొనసాగించాడు.

ఇంటికి బయల్దేరేసరికి వేలికొసలు ఎర్రగా కందాయి. ఇల్లు చేరేసరికి పెనం మీద పెట్టినట్టు మంట. అన్నం ముందు కూర్చునేసరికి మూడు వేళ్ల మీదా నీటిబుడగలు లేచాయి, కింది పెదవి మీద చిన్నది ఒకటి. పిన్ని అతన్ని వీధి చివరి క్లినిక్కి లాక్కెళ్లింది.

డాక్టరు గారు ఆ వారం ఊళ్లో లేరు, కాంపౌండరు ఉన్నాడు. చేతివాసి గలవాడని అతనికి పేరు. రోగి గుమ్మంలో అడుగుపెడుతుండగానే జబ్బేమిటో తెలిసిపోతుందని అతని నమ్మకం. మనం సగం చెబితే చాలు, మిగతా సగం తనే నింపుకునేవాడు.

"ఏమైంది పిన్నీ?"

"పాలు పడ్డాయయ్యా చేతి మీద."

"అయ్యయ్యో. ఎప్పుడు?"

"మధ్యాహ్నం."

కాంపౌండరు చెయ్యి తిప్పి చూశాడు. "వట్టి చేతుల్తో పట్టుకున్నాడా?"

"వట్టి చేతుల్తోనే. గుడ్డ చుట్టుకోవయ్యా మహానుభావా అని నెత్తీ నోరూ బాదుకున్నా. వింటేనా!"

"మగాళ్లకెందుకండీ ఇలాంటి పనులు. పెదవి మీద కూడా పడ్డట్టుంది?"

"నోటిదాకా పోనిచ్చాడు. ఏం చెప్పమంటావు?"

"అంత ఆత్రమైతే ఎలా బాబాయ్?" అని నవ్వాడు కాంపౌండరు.

సూది బాబాయ్ పళ్లు బిగించి, "చేతిలో పనుంది, తొందరపడ్డా," అన్నాడు.

అలా ముగ్గురూ పది నిమిషాలు మాట్లాడుకున్నారు, ఒక్క ముక్క అబద్ధం లేకుండా. ఆమె చెప్పింది మొక్క పాలు, అతను విన్నది పొయ్యి మీది పాలు. మన భాషలో రెండింటికీ ఒకటే మాట. తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్లు అనుకునే అమాయకుణ్ణి చూసి లోకం నవ్వుతుంది. ఇక్కడ నవ్వడానికి కూడా వీల్లేదు. తెల్లగా ఉన్నవి పాలే, పేరూ పాలే, చేసే పనే వేరు.

కాంపౌండరు కాలిన గాయాల మందు దట్టంగా పూశాడు. బుడగలు చితుకుతాయని కడగలేదు. మూడు వేళ్లకీ విడివిడిగా, గాలి చొరకుండా, బ్రహ్మాండమైన కట్లు కట్టాడు. కట్టు కట్టడంలో అతనికి అతనే సాటి.

"నాలుగు రోజులు విప్పొద్దు. చుక్క తడి తగలొద్దు. మంట ఉంటుంది, ఓర్చుకోవాలి."

తడి తగలొద్దన్న మాట సూది బాబాయ్‌కి ఎంతో సబబుగా తోచింది. అతను జీవితమంతా నమ్మిన మాటే కదా అది. డాక్టర్లు చెప్పింది ఒక్కటీ వినని మొండిఘటాలు లోకంలో ఎంతమంది లేరు? వాళ్లలో ఒకడైనా సరిపోయేది. అతను బుద్ధిమంతుడు.

మర్నాడు బావమరిది చూడ్డానికొచ్చి, "ఏంటి బావా, మూడు వేళ్లకీ మూడు టోపీలు పెట్టావు? మిగతా రెండూ అలుగుతాయేమో చూసుకో," అన్నాడు. సూది బాబాయ్ నవ్వాడు. రెండో రోజు నవ్వలేదు. కట్టు లోపల ఎవరో నిప్పు కణికలు దాచి ఊదుతున్నట్టుంది. కూర్చోలేడు, పడుకోలేడు. చెయ్యి పైకెత్తి పట్టుకుని ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరిగేవాడు, బడిలో జవాబు తెలిసిన పిల్లాడిలా.

"ఒక్కసారి విప్పి చూద్దామండీ," అంది పిన్ని.

"నాలుగు రోజులన్నాడుగా."

"వాసనొస్తోందండీ."

"మందు వాసనే. రేపటితో మూడు. ఎల్లుండి విప్పుతాడు. తొందరపడి విప్పితే పోగు తెగినట్టే, మళ్లీ మొదటికొస్తుంది."

ఆమె కూడా గట్టిగా అనలేకపోయింది. మొక్క పాలకి మందు అదేనేమో, ఇరవై ఏళ్లుగా కట్లు కడుతున్న మనిషికి తెలియదా అనుకుంది. అలా అనుకున్నందుకు తర్వాత ఆమె తనను తాను ఎన్నిసార్లు తిట్టుకుందో లెక్కలేదు.

నాలుగో రోజు పొద్దున్నే జ్వరం వచ్చింది. ముంజేతి మీద ఎర్రటి చార ఒకటి పైకి పాకింది. క్లినిక్‌లో కాంపౌండరు కట్టు విప్పుతుంటే కట్టుతోపాటే చర్మం వచ్చింది, తొడుగు తీసినట్టు. కాంపౌండరు అసలే చామనఛాయ మనిషి, ఆ క్షణాన తన తెల్లకోటు రంగుకి వచ్చాడు. వెంటనే క్లినిక్‌కి తాళం వేసి, ఆటో పిలిచి, ఇద్దర్నీ పెద్దాసుపత్రి చర్మం డాక్టరమ్మ దగ్గరికి తనే తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ చిన్నపిల్లే, ముప్పై దాటి ఉండదు. మాట నెమ్మది.

"ఎలా జరిగింది పెద్దాయనా?"

"పాలు పడ్డాయమ్మా."

"ఎంత వేడి పాలు?"

"వేడేంటమ్మా? చల్లటివే."

ఆమె తలెత్తి చూసింది. "చల్లటి పాలు పడితే ఇలా ఎందుకవుతుంది?"

"మొక్క పాలమ్మా. పెన్సిల్ మొక్కవి," అంది పిన్ని.

గుమ్మం దగ్గర నిలబడ్డ కాంపౌండరు, "మొక్క పాలా?" అన్నాడు. ఆ గొంతు అతనిది కాదు. "మొక్క పాలని నాతో అనలేదే పిన్నీ!"

"పాలనే చెప్పాను కదయ్యా!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరి మాటా నిజమే. తగాదా పడదామన్నా పట్టు దొరకని తగాదా అది. కాంపౌండరు అక్కడున్న బల్ల మీద కూలబడి, తన చేతుల్ని తనే చూసుకుంటూ కూర్చున్నాడు.

డాక్టరమ్మ సబ్బునీళ్లు తెప్పించి, చంటిపిల్ల ముఖం కడిగినంత మెల్లగా ఆ వేళ్లు కడిగింది. కడుగుతూ, పాఠం చెబుతున్నట్టు కాకుండా, తనతో తను మాట్లాడుకుంటున్నట్టు చెప్పింది. "ఈ పాలు జిడ్డు పెద్దాయనా. ఉత్త నీళ్లకి సరిగా వదలవు, సబ్బు పెట్టాలి. పడ్డ వెంటనే సబ్బు రాసి, ధారగా పడే నీళ్ల కింద పావుగంట పెట్టాలి. కంట్లో చెయ్యి పెట్టుకోకూడదు. పాలు అంటిన బట్టలు విప్పెయ్యాలి. తర్వాత చల్లటి తడిగుడ్డ వేసుకుంటూ, బుడగలు చిదమకుండా, డాక్టరుకి చూపించుకుంటే వారం పది రోజుల్లో తగ్గేది. గాలాడకుండా మూసి కట్టడంతో ఆ పాలు లోపలే ఉండిపోయాయి. దానికి తోడు చీము పట్టింది."

"పెదవికి కూడా తగిలిందమ్మా," అంది పిన్ని.

డాక్టరమ్మ పెదవి చూసింది. చిన్న మచ్చ తప్ప ఏమీ లేదు. "దీనికి ఎవరూ కట్టు కట్టలేదు కదా. తిన్నప్పుడల్లా కడుక్కున్నారు. అందుకే మానింది."

ఆ మాటకి కాంపౌండరు లేచి బయటికి వెళ్లిపోయాడు.

చచ్చిన చర్మం తీసి, మందు రాసి, గాలాడేలా పల్చటి గుడ్డ వేసి, మాత్రలు రాసిచ్చింది. ఒళ్లో గుడ్డని పారెయ్యమంది, చేతికి సంచి తొడుక్కుని మరీ. అప్పటిదాకా ఒక్క ప్రశ్న అడగని సూది బాబాయ్ లేవబోతూ అడిగాడు.

"తెలివి వస్తుందామ్మా వేళ్లకి?"

"తెలివా?"

"అదే... పోగు తెలియడం."

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. పిన్ని అతని పనేమిటో చెప్పింది. విన్నాక డాక్టరమ్మ కలం మూసి బల్ల మీద పెట్టింది. "చర్మం వస్తుంది పెద్దాయనా. వేలు కొసన స్పర్శ ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పలేను. లోపలిదాకా దెబ్బతింది. మూడు నెలలు చూద్దాం."

మూడు నెలలూ చూశారు.

బావమరిది మొక్కని గోనెసంచిలో కట్టి తీసుకెళ్లిపోయాడు. ఎక్కడ పడేశాడో ఎవరూ అడగలేదు. తర్వాత చాన్నాళ్లు ఇంటికి రాలేదు. వచ్చినా గుమ్మంలోనే చెప్పులు విడవకుండా నిలబడి, "ఎలా ఉంది బావా?" అని, జవాబు వినకుండానే వెళ్లిపోయేవాడు. ఒకరోజు సూది బాబాయే అతన్ని నవ్వించాలని, "బూడిదపాలైన వాళ్లని చూశాం, మట్టిపాలైన వాళ్లని చూశాం. పాలపాలైనవాణ్ణి నన్నే చూడు," అన్నాడు. బావమరిది నవ్వబోయి ఏడ్చేశాడు. దాంతో ఆ జోకు మళ్లీ వెయ్యలేదు.

కాంపౌండరు మాత్రం రోజూ సాయంత్రం వచ్చేవాడు. వచ్చి, తన చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, అతని చెయ్యి కడిగి, మందు రాసి వెళ్లేవాడు. చేతివాసి గురించి వీధిలో ఎవరైనా అంటే మాట మార్చేసేవాడు.

"ఒక్కసారి తిట్టు బాబాయ్. బూతులైనా సరే. హాయిగా ఉంటుంది నాకు," అన్నాడొకరోజు.

"ఏమని తిట్టనురా? తడి తగలొద్దన్నావు. అది నా గురువు మాటే. నిన్ను తిట్టాలంటే ముందు ఆయన్ని తిట్టాలి. ఆయన్ని తిడితే ఇన్నేళ్లు చేసిన పనిని తిట్టినట్టు. అంత బలం లేదు నాకు."

నెలా పదిహేను రోజులకి కొత్త చర్మం వచ్చింది. గులాబీరంగులో, నున్నగా, మెరుస్తూ, ఎవరిదో అరువు తెచ్చి అతికించినట్టు. వేలిముద్రల గీతలు కూడా సరిగా తేలలేదు. చూసినవాళ్లంతా, "బాగైపోయింది కదా!" అనేవాళ్లు. నిజమే, చూడ్డానికి బాగైపోయింది. వేడి తెలుస్తోంది, చలి తెలుస్తోంది, గట్టిగా నొక్కితే నొప్పి తెలుస్తోంది. పోగు తెలియట్లేదు. చేతికి మందపాటి తోలు తొడుగు వేసి, దాన్ని ఎప్పటికీ విప్పొద్దన్నట్టు ఉంది.

పరీక్ష పెట్టమని పిన్నిని అడిగాడు. రోజూ పొద్దున్న పనికి వెళ్లేముందు ఆమె వంటింటి బల్ల మీద కొన్ని పోగులు పక్కపక్కన పరిచేది. అతను కళ్లు మూసుకుని వాటి మీద వేళ్లు నడిపి ఎన్నో చెప్పాలి. ఒకప్పుడు కబుర్లాడుతూ చేసిన పని. మొదటి రోజు ఐదున్నాయి, రెండన్నాడు. రెండో రోజు నాలుగున్నాయి, ఏడన్నాడు. పిన్ని పోగులు ఏరేశాకే అతను కళ్లు తెరిచేవాడు. రెండో వారంలో అతని జవాబులు సరిపోవడం మొదలయ్యాయి. "మూడు." "మూడేనండీ!" "ఆరు." "ఆరే, ఆరే!" అతని ముఖంలోకి కాస్త రంగొచ్చింది. ఒళ్లో వేసుకోవడానికి కొత్త గుడ్డ కూడా కొనుక్కున్నాడు.

మూడో వారం ఒక పొద్దున్న అతనికేదో అనుమానం తగిలింది. బల్ల మీద వేళ్లు నడిపి, బాగా ఆలోచించినట్టు తల పంకించి, "పదకొండు," అన్నాడు.

"పదకొండే!" అంది పిన్ని సంబరంగా.

అతను కళ్లు తెరిచాడు. బల్ల మీద రెండు పోగులున్నాయి.

పిన్ని మొహం పక్కకి తిప్పుకుంది. అతను ఆ రెండు పోగుల్నీ చాలాసేపు చూశాడు. తర్వాత వాటిని ఎడమచేత్తో ఏరి, కాగితంలో చుట్టి, డబ్బాలో వేశాడు. "పనికి టైమవుతోంది, పద," అన్నాడు. ఆ రోజు నుంచి పరీక్షలు లేవు.

ఎడమచేత్తో ప్రయత్నించాడు. దానికి ముప్పై ఒక్క ఏళ్లుగా బట్టని కదలకుండా పట్టుకోవడమే పని, పోగు మాట వినడం నేర్పలేదు. కళ్లతో ప్రయత్నించాడు, భూతద్దం పెట్టుకుని. బూడిదరంగు శాలువా ఇంకా సగంలోనే ఉంది. దాని సొంతదారు నాలుగుసార్లు కబురు పంపింది. ఎనిమిది రోజులు కూర్చుని పూర్తి చేశాడు. పూర్తయ్యాక వెలుగులో పట్టి చూస్తే శాలువా మీద చీమలబారు పోతున్నట్టుంది. ఓనరు తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. పిట్టకథ లేకుండా పూట గడవని మనిషి, ఆ శాలువా గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. మడిచి, సంచిలో పెట్టి, దాని సొంతదారు ఇంటికి తనే నడిచి వెళ్లి ఇచ్చొచ్చాడు.

మూడు నెలలు నిండిన రోజు డాక్టరమ్మ అతన్ని కళ్లు మూసుకోమంది. సన్నటి వెంట్రుకలాంటి దానితో వేలికొసల్ని తాకుతానని, తెలిసినప్పుడల్లా చెప్పమని అంది.

"ఇప్పుడు," అన్నాడు అతను. కొంచెంసేపాగి, "ఇప్పుడు," అన్నాడు. మళ్లీ, "ఇదిగో, ఇప్పుడు."

డాక్టరమ్మ చెయ్యి బల్ల మీదే ఉంది. ఆమె ఇంకా మొదలుపెట్టనే లేదు. పిన్ని చూస్తూనే ఉంది.

"సరే పెద్దాయనా, కళ్లు తెరవండి," అంది డాక్టరమ్మ. తర్వాత చాలా మర్యాదగా, చాలా నెమ్మదిగా, ఇంకా రావచ్చునేమో గానీ పనికొచ్చేంత రాదని చెప్పింది. అతను రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. బయటికొచ్చాక మెట్ల మీద, "మంచి పిల్ల. పాపం, ఎంత ఇబ్బందిపడిందో చెప్పడానికి," అన్నాడు.

ఓనరు అతన్ని పొమ్మనలేదు. ముందు గదిలో బల్ల దగ్గర కుర్చీ వేసి, బట్టలు తీసుకుని నంబరు చీటీలు గుచ్చే పని ఇచ్చాడు. వెనక గదిలో కుర్చీ ఉన్న చోట ఇప్పుడు ఉతకాల్సిన దుప్పట్లు గుట్టగా పోస్తున్నారు. పిన్ని మడతల బల్లని అటువైపు వీపు పెట్టి నిలబడేలా జరుపుకుంది.

మొన్న ఒక అమ్మాయి వచ్చింది. చేతిసంచిలోంచి ఆకుపచ్చ స్వెట్టరు తీసి బల్ల మీద పరిచింది. మోచేతి దగ్గర రూపాయి బిళ్లంత చిల్లు.

"ఇక్కడ రఫూ బాగా చేస్తారని మా అత్త పంపిందండీ."

"చెయ్యరమ్మా."

"అదేంటి? ఒకాయన ఉంటారని చెప్పిందే!"

"ఉండేవాడు."

"అయ్యో... పోయారా?"

వెనక మడతపెడుతున్న పిన్ని చేతులు ఆగిపోయాయి. సూది బాబాయ్ చీటీల పుస్తకం సర్దుకుని, "పోయాడమ్మా," అన్నాడు.

"సారీ అండీ. ఇంకెవరైనా చేసేవాళ్లున్నారా ఈ చుట్టుపక్కల?"

"నాకు తెలిసి లేరు. మిషను మీద కుట్టేవాళ్లున్నారు, బస్టాండు దగ్గర. కుట్టు కనిపిస్తుంది గానీ, తొడుక్కోవచ్చు."

"కనిపిస్తే ఎలాగండీ?" అని ఆ అమ్మాయి స్వెట్టరుని నిమిరింది. "మా అమ్మది ఇది. పారెయ్యబుద్ధి కావట్లేదు. ఎంత మెత్తగా ఉందో చూడండి."

అడిగింది కదా అని అతను చెయ్యి చాపాడు. స్వెట్టరు అంచుని మూడు వేళ్ల మధ్యకి తీసుకుని ఒకసారి నలిపాడు, ఇంకోసారి నలిపాడు.

"అవునమ్మా. చాలా మెత్తగా ఉంది," అన్నాడు. జాగ్రత్తగా మడిచి తిరిగి ఇచ్చేశాడు.

ఆ అమ్మాయి వెళ్లిపోయాక పిన్ని వచ్చి పక్కన నిలబడింది. చేతిలో ఇంకా సగం మడిచిన దుప్పటి ఉంది.

"ఉన్నిదేనా?" అంది, ఏదో ఒకటి అనాలని.

"ఏమోనే," అన్నాడు. "నిన్ను పిలిచి పట్టి చూడమనాల్సింది."